జుట్టుకు వెనిగర్, సంసారానికి శాంతి

సంసారం నిలబడాలంటే ఇంట్లో ప్రేమ, నమ్మకం, సర్దుబాటు ఉండాలని మీలో చాలామంది అనుకుంటూ ఉంటారు. పాపం! ఉండవలసింది వెనిగర్.

నవ్వకండి. అనుభవం మీద చెబుతున్నాను. ఆర్నెల్ల కిందట మా ఆవిడకు జుట్టు ఊడటం మొదలైంది. దువ్వెన నిండా జుట్టు, దిండు మీద జుట్టు, సబ్బు మీద జుట్టు. ఒకరోజు నా కాఫీలో కూడా వచ్చింది. మనిషినే కదా, నాకూ బాధేసింది. కాఫీ మళ్లీ పెట్టించుకుని తాగాను.

డాక్టరమ్మ దగ్గరకు కూడా తీసుకెళ్లాను. ఆవిడ భూతద్దం పెట్టి నెత్తంతా చూసి, రక్తపరీక్ష కాగితాలు తిరగేసి, "జుట్టుకేం జబ్బు లేదమ్మా. మీకు నిద్ర చాలట్లేదు. రోజూ ఎన్ని గంటలు పడుకుంటారు?" అంది.

"అయిదు" అంది మా ఆవిడ.

"ఇంటి పనిలో సాయం ఎవరు?"

ఈ ప్రశ్న వేస్తూ డాక్టరమ్మ నా వైపు చూసింది. నేను గోడ మీది క్యాలెండర్ వైపు చూశాను. చాలా మంచి క్యాలెండర్.

ఆలోచించండి! మా ఆవిడ ఎనిమిది గంటలు పడుకుంటే ఆ మూడు గంటల పని ఎవరు చేయాలి? నేనా? ఇంట్లో కూర్చుని కాలమ్ రాసుకునేవాడిని. పైకి కిటికీలోంచి చూస్తున్నట్టు ఉంటాను గానీ, లోపల ఘోరంగా శ్రమిస్తూ ఉంటాను.

అంతటి ఆపదలో నన్ను ఆదుకున్నది ఫోన్‌లో ఒక అమ్మాయి. నడుము దాటిన జుట్టు! "గుప్పెడు మందారాకులు, కాస్త రోజ్‌మేరీ ఆకు, రెండు చెంచాల వెనిగర్, ఒక మగ్గు నీళ్లు, మూడంటే మూడు వారాలు!" అంది. నిద్ర ఊసే ఎత్తలేదు. సంస్కారం అంటే అదీ! వీడియో వెంటనే మా ఆవిడకు పంపించాను.

మా ఆవిడ ల్యాబ్ టెక్నీషియన్. ఏ పనైనా కొలత ప్రకారం చేస్తుంది. పొద్దున అయిదింటికి లేచే మనిషి నాలుగున్నరకే లేవడం మొదలుపెట్టింది. మందారాకులు నూరడం, రోజ్‌మేరీ మరిగించడం, చల్లార్చడం, పల్చటి గుడ్డలో వడకట్టడం, వెనిగర్ కలపడం, ఆ తర్వాత వంట, నా టిఫిన్, తన డ్యూటీ. ఉన్న నిద్రలో ఇంకో అరగంట పోయిందని గిట్టనివాళ్లు అంటారు. అననివ్వండి. ఆరోగ్యమంటే ఆమాత్రం శ్రమ తప్పుతుందా?

వాసన అంటారా? అదీ ఒక వరమే! పై వాటాలో రిటైర్డ్ మాస్టారు రోజూ వచ్చి గంటల తరబడి తన మోకాళ్ల గురించి చెప్పేవారు. ఇప్పుడు గుమ్మంలోనే ముక్కు మూసుకుని, "అంతా క్షేమమేనా?" అని వెళ్లిపోతున్నారు. మా బావమరిదైతే ఫ్రిజ్‌లో ఆకుపచ్చ సీసా చూసి, జ్యూస్ అనుకుని గ్లాసుడు తాగేశాడు. "అక్కా, పుల్లపుల్లగా భలే ఉందే!" అన్నాడు. సంగతి తెలిశాక వారం రోజులు అద్దంలో నాలుక చూసుకున్నాడు. ఒక్క వెంట్రుకా మొలవలేదు. మందు లోపం కాదు, వాడిన చోటు లోపం!

మూడు వారాలయ్యాయి. జుట్టు ఇంకాస్త ఎక్కువగా ఊడింది. నేను చేతులు ముడుచుకుని కూర్చుంటానా? మోతాదు పెంచమన్నాను. రెండు చెంచాలు నాలుగయ్యాయి.

"నెత్తి మండిపోతోందండీ" అంది.

"మండుతోందంటే పనిచేస్తోందన్నమాట" అన్నాను. భర్త కాకపోతే ఇంత ధైర్యం ఎవరు చెబుతారు?

ఇలా సాగుతుండగా, ల్యాబ్‌కి కొత్త యంత్రం వచ్చిందని మా ఆవిడను పది రోజుల శిక్షణకు వేరే ఊరు పంపించారు. హాస్టల్‌లో బస. హడావుడిలో సీసా ఇక్కడే మర్చిపోయింది. ఇక ఆ నెత్తి గతేమిటని నేను పడ్డ బెంగ అంతా ఇంతా కాదు.

మొన్న సాయంత్రం తిరిగొచ్చింది. తల దువ్వుకుని దువ్వెన నా ముందు పెట్టింది. మూడే మూడు వెంట్రుకలు.

"వెనిగర్ లేకుండానా?" గుండె ఆగినంత పనైంది నాకు.

"అక్కడ తొమ్మిదింటికల్లా పడుకునేదాన్నండీ. తిన్న పళ్లెం కూడా ఎవరో తీసేసేవాళ్లు."

"అదేం కాదు. నీళ్లు మారాయి. ఆ ఊరి నీళ్లు నీకు పడ్డాయి" అన్నాను.

మా ఆవిడ నన్ను అదోలా చూసింది. వంటింట్లోకి తొంగి అయినా చూడకుండా వెళ్లి పడుకుంది. పొద్దున కూడా అటు పోకుండానే డ్యూటీకి వెళ్లిపోయింది.

అసలు కారణం నీళ్లేనని తేలాక ఆలస్యం చేస్తానా? వెంటనే ప్లంబర్‌ని పిలిపించాను. ట్యాంకు చూశాడు, పైపులు చూశాడు, చివరికి వంటింట్లో సింకు ముందు ఆగాడు. పది రోజుల గిన్నెలు, పళ్లేలు, గ్లాసులు కుళాయి మూతి దాకా పేరుకుని ఉన్నాయి. ఎలాగో సందు చేసుకుని చెయ్యి పెట్టి కుళాయి తిప్పాడు. నీళ్లు ధారగా దూకాయి.

"నీళ్లకేం సార్, బ్రహ్మాండంగా వస్తున్నాయి. ఈ ఇంట్లో వాడేవాళ్లే లేనట్టున్నారు" అన్నాడు.