అంగుళంన్నర ఎక్కువ ఏలిన రాజులు

శనివారం పొద్దున్న అచ్చిబాబు మాస్టారు పెట్టుకున్న పనులు మూడే. రాజోలు నుంచి వచ్చిన ఫ్లెక్సీ విప్పి చూసుకోవడం, కాఫీ తాగడం, కాలవ మీంచి వచ్చే గాలికి పడక్కుర్చీలో కాసేపు కన్ను మూయడం. మర్నాడే ఊరి చర్చిలో ఆయనకు సన్మానం. సండేస్కూలు మాస్టారుగా యాభై ఏళ్లు! కాకినాడ పెద్దలు వచ్చి శాలువా కప్పుతారు. ఆ శాలువా మీద ఆయనకున్న ఆశ ఇంతా అంతా కాదు. ఏ రంగుదై ఉంటుందా అని వారం రోజులుగా ఊహించుకుంటున్నారు.

సభలో కట్టే ఆ ఫ్లెక్సీ ఆయన కష్టార్జితం. బైబిల్లో సొలొమోను రాజు పోయాక రాజ్యం రెండు ముక్కలైంది కదా, ఎడమవైపు యూదా రాజులు, కుడివైపు ఇశ్రాయేలు రాజులు, ఏడాదికి అరంగుళం చొప్పున. రెండు వరసలూ ఒక్కచోటే ఆగాలి. అటు యూదా రాజు అహజ్యాను, ఇటు ఇశ్రాయేలు రాజు యెహోరామును సేనాని యెహూ ఒకేసారి మట్టుపెట్టాడు మరి. తీరా చూస్తే యూదా వరస తొంభై ఐదేళ్లకు ఆగింది. ఇశ్రాయేలు వరస తొంభై ఎనిమిది దాకా పోయి, అంగుళంన్నర కిందికి వేలాడుతోంది. "లేఖనంలో ఒక్క అంకె పొల్లుపోదర్రా" అని పిల్లలకు చెప్పీ చెప్పీ అరిగిన నోరు ఒక్కసారిగా ఎండిపోయింది.

వెంటనే ఫ్లెక్సీ కొట్టిన భీమరాజుకు ఫోన్ చేశారు.

"ఏవయ్యా, రాజుల్ని సాగదీశావా?"

"మీరిచ్చిన కొలతేనండి. పోనీ కుడివైపు మూడేళ్లు కత్తిరించేయమంటారా?"

"ఎవడి ఆయుష్షు కత్తిరిస్తావయ్యా!"

తర్వాత కిరణ్ పాస్టరు గారికి చేశారు. "మూడేళ్లు తేడా వస్తోందండి. రేపు నలుగురిలో తలెత్తుకోలేను. లెక్క తేలేదాకా అది ఆపించండి" అన్నారు. ఆపమన్నది ఫ్లెక్సీని. పాస్టరు గారు కుర్రవాడు, పైగా మహా మొహమాటస్తుడు. పెద్దాయన తన సర్వీసు లెక్కే తప్పిందని ఒప్పుకుంటున్నారనుకుని, పాపం, గుచ్చి అడగలేకపోయారు.

మాస్టారు కుర్చీలో వాలారు. గాలికి కొబ్బరాకుల నీడలు ఫ్లెక్సీ మీద ఊగుతుంటే రాజులంతా మెల్లగా లేచి రేవు దగ్గర పడవ కోసం బారులు తీరారు. ఎవరికీ తొందర లేదు. ఏడు రోజులే ఏలిన జిమ్రీ మాత్రం చెప్పులైనా విప్పకుండా నిలబడ్డాడు. ఇశ్రాయేలు వరసలోంచి నాదాబు రాజు దగ్గరికొచ్చి వినయంగా అన్నాడు. "యూదాలో ఆసా ఏలుతున్న రెండో ఏట నేను గద్దె ఎక్కానండి. మూడో ఏట నన్ను చంపేశారు. రెండేళ్లు ఏలానని రాశారు. నేనేం అడగలేదండి మాస్టారూ, వాళ్లే రాశారు." కాలవలో నీళ్లు కదిలీ కదలనట్టు పోతున్నాయి. ఆ రేవు వదిలి రావాలని మాస్టారికి అనిపించలేదు.

"ఏమండీ, చల్లారిపోతోంది" అంటూ జ్ఞానమ్మ కాఫీతో కుదిపింది. ఆయన కళ్లు నులుముకుంటూ భార్యకు కలంతా చెప్పుకున్నారు.

"దానికేముందండీ! మా అమ్మ లెక్కలో నాకు అరవై ఐదు, ఆధార్ లెక్కలో అరవై నాలుగు. అమ్మ నడుస్తున్న ఏడు చెప్పేది, కార్డు నిండిన ఏడు చెబుతుంది. ఆ ఇశ్రాయేలు వాళ్లూ మా అమ్మలాంటి వాళ్లే అయ్యుంటారు."

మాస్టారు గబుక్కున లేచి కూర్చున్నారు. రాజు మారిన ప్రతిసారీ ఒకే ఏడాది పాతవాడికీ కొత్తవాడికీ కూడా పడిందన్నమాట! ఇంకా కొంత సర్దుబాటు మిగిలినా ముడి ఎక్కడుందో దొరికింది. నలభై ఏళ్ల కాపురంలో భార్యను అంత ప్రేమగా చూడటం ఆయనకు అదే మొదలు.

ఇంతలో భీమరాజు ఫోను. "మాస్టారూ, సన్మానం బ్యానర్లో యాభై తీసేసి నలభై ఏడు వేయమన్నారండి పాస్టరు గారు. కాకినాడ వాళ్లని మూడేళ్లు ఆగి రమ్మన్నారంట కదా!"

మాస్టారు కండువా అయినా వేసుకోకుండా చర్చికి పరుగెత్తారు. రొప్పుతూ రొప్పుతూ నాదాబు సంగతీ అత్తగారి సంగతీ కలిపి చెప్పారు. పాస్టరు గారు లెంపలేసుకుని కాకినాడకు ఫోన్ చేశారు. అమలాపురం దాకా వచ్చి వెనక్కి మళ్లిన కారు మళ్లీ ఇటు తిరిగింది.

"ఎంత బాగా తేల్చారండీ!" పాస్టరు గారు మురిసిపోయారు. "నడుస్తున్నది వేరు, నిండింది వేరు. ఇంతకీ మీరు సండేస్కూల్లో చేరింది డెబ్భై ఆరు క్రిస్మస్‌కి కదండీ?"

"అవునండి."

పాస్టరు గారు వేళ్లు మడిచారు. ఇది రెండు వేల ఇరవై ఆరు, జూన్ నెల. మడిచిన వేళ్లు విప్పి, మళ్లీ మడిచారు.

"అయితే యాభై... నిండలేదండి."

 అంతలో భీమరాజు నుంచి మళ్లీ ఫోన్ వచ్చింది, ఇంతకీ ఏ అంకె వేయాలని.

ఇశ్రాయేలు రాజుల్లో దేవుడి దృష్టికి ఒక్కడూ మంచివాడు కాడని బతుకంతా పాఠం చెప్పిన మాస్టారు, ఆదివారం ఉదయం ఇశ్రాయేలు లెక్క ప్రకారమే శాలువా కప్పించుకున్నారు.