రుక్కమ్మకు కావలసిన ఎనిమిది చేతులు

ఆ పొద్దు రుక్కమ్మ ఎనిమిది జొన్నరొట్టెలు ఎక్కువ కాల్చింది. సిర్గాపూర్ నుంచి ఖేడ్ వచ్చి పదేళ్లుగా మున్సిపల్ ఆఫీసు గేటు పక్కన రొట్టెల బండి మీదే బతుకుతోంది. రోడ్డు మీద బండ్లు ఉండకూడదన్న తీర్మానం ఇవాళ పది గంటలకు కౌన్సిల్ ముందుకు వస్తోంది. అది నెగ్గిందా, ఆమె పొయ్యి ఆరినట్టే.

"నాదొక్కటే చెయ్యి అక్కా. పదిహేను మందిమున్నం. ఎనిమిది చేతులు లేస్తెనే పని అయితది" అని వార్డు కౌన్సిలర్ కిష్టప్ప నిన్ననే చెప్పాడు.

"గంతేనా? ఇంకో ఏడుగురిని తోలుకరా, రొట్టె తినుకుంట నా గోస ఇంటరు" అంది రుక్కమ్మ. పాపం, అదే కొంప ముంచింది.

తొమ్మిదిన్నరకు కిష్టప్ప ఏడుగురిని వెంటేసుకొచ్చాడు. బైకులు రోడ్డు మీదే వదిలేసి వెల్లుల్లి కారం నంజుకుంటూ నిలబడ్డారు. ఆ గుంపును చూసి ప్రతిపక్షం కౌన్సిలర్లు ఆరుగురూ ధర్నా అనుకున్నారు. తాము లేని ధర్నా ఏమిటని వాళ్లూ బైకులు అక్కడే ఆపి రోడ్డు మీద బైఠాయించారు. కూర్చున్నాక నోరు ఊరుకుంటుందా, వాళ్లకూ రొట్టెలు కావలసి వచ్చాయి.

పది దాటింది. హాల్లో చైర్‌పర్సన్ సుమంగళ, కమిషనర్, పద్నాలుగు ఖాళీ కుర్చీలు. కోరం లేదు.

"రొట్టెల బండి కాడ ధర్నా చేస్తున్రు మేడం!" అని అటెండర్ మొగులయ్య ఉరికొచ్చి చెప్పాడు. సుమంగళ ఫైలు చంకన పెట్టుకుని దిగి వచ్చింది. ఆమె మొహం చూడగానే రుక్కమ్మ పొయ్యి మంట తగ్గించింది.

సరిగ్గా అప్పుడే నాగల్‌గిద్ద బస్సు వచ్చి ఆగిపోయింది. దాని వెనక ఆటోలు, ట్రాక్టర్లు, ఒకటే హారన్ల మోత.

"చూసిన్రా? గీ బండితోనే అంత పరేషాన్!" అంది సుమంగళ.

బస్సు డ్రైవర్ కిటికీలోంచి తల బయటపెట్టాడు. "బండి గోడకు ఆనుకొనే ఉంది మేడం! అడ్డమున్నయి గీ బైకులు. ఎవలియి? జల్దీ తీయుండ్రి!"

బైకులు ఆ పద్నాలుగు మందివే. అందరి నోట్లోనూ రొట్టె ఉంది.

అరగంటకు సభ మొదలైంది. రుక్కమ్మను వెనక కుర్చీలో కూర్చోనిచ్చారు. కిష్టప్ప లేచి తీర్మానానికి సవరణ పెట్టాడు. గోడ పక్కన తెల్లగీత గీయాలి, గీత లోపల బండ్లు పెట్టుకోవచ్చు, గీత బయట మాత్రం ఎవరి వాహనమూ ఆపకూడదు.

"ఒప్పుకున్నోళ్లు చేతులెత్తుండ్రి" అంది సుమంగళ.

రుక్కమ్మ వేళ్ల మీద లెక్కపెట్టింది. ఆరు, ఏడు, ఎనిమిది. చేతులు ఇంకా లేస్తూనే ఉన్నాయి. ఆఖరున సుమంగళ చెయ్యి కూడా లేచింది. రుక్కమ్మ సంతోషం పట్టలేక కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుంది.

వారం తిరక్కుండా తెల్లగీత పడింది. కొత్త నిబంధన కింద మొదటి నోటీసు గీత బయట ఆపిన కిష్టప్ప బైకుకే అంటించారు; ఆయన అప్పుడు గీత లోపల రెండో రొట్టె తింటున్నాడు.