వేసవి రద్దు ఉత్తర్వు

ఒక పెద్ద అడవిలో ఆ ఏడు ఎండాకాలం రాలేదు. రాళ్ల మీద జొన్నలు పోస్తే పేలాలయ్యేంతగా వచ్చిందనుకోండి, కానీ అడవి సభ రికార్డుల్లో మాత్రం రాలేదు.

ఆ సంగతి అందరికంటే బాగా తెలిసింది వరాలుకి.

వరాలు అడవిపంది. సభలో అటెండరు. పొద్దున్నే వాగు నుంచి సొరబుర్రల్లో నీళ్లు మోసుకొచ్చి సభ్యుల ముందు పెట్టడం, సభ ముగిశాక వాళ్లు పారేసిన పళ్లతొక్కలు ఊడ్చడం ఆమె పని. ఊడ్చడమంటే తినడమే. ఉద్యోగ నియమాల్లో మాత్రం ఊడ్చడం అని రాసుంది.

దేవుడు పందికి ఆకలి ఇచ్చాడు, ముట్టె ఇచ్చాడు, సంతానం కావలసినంత ఇచ్చాడు. చెమట ఒక్కటి మర్చిపోయాడు. అందుకని వరాలు మధ్యాహ్నం కాగానే సభ వెనకున్న బురదగుంటలో నాలుగు పొర్లు పొర్లి వచ్చేది. ఒంటి మీద ఆ తడి ఆరుతున్నంతసేపూ ప్రాణం హాయిగా ఉండేది.

సభాధ్యక్షుడు గోధేశ్వరరావు. ఆయన ఉడుము. కుర్చీ పట్టుకుని ఏడేళ్లయింది. ఉడుంపట్టు కదా, ఎన్నికలు రెండుసార్లు వచ్చి వెళ్లిపోయాయి గానీ పట్టు సడల్లేదు.

ఆయన ఒంట్లో సొంత వేడంటూ లేదు. తెల్లవారుజామున చెక్కముక్కలా బిర్రబిగుసుకుపోయి ఉండేవాడు. ఎండ తగిలాకే కాలూ చెయ్యీ ఆడేవి. ఎండ మరీ ముదిరితే "తనిఖీకి వెళ్లొస్తా" అని పుట్టలోకి దూరి, ఒళ్లు చల్లబడ్డాక తిరిగొచ్చేవాడు. తాను ఎండకి పారిపోతున్నానని ఆయనకే తెలియదు. నిజంగా తనిఖీ అనుకునేవాడు. కాబట్టి వేడి అనేది పని ఎగ్గొట్టేవాళ్ల సాకు అని ఆయన గట్టి నమ్మకం.

ఇలా ఉండగా, ఇరుగుపొరుగు అడవుల సంఘం వాళ్లు 'అతి చల్లని అడవి' బిరుదు ఇవ్వడానికి మంగళవారం తనిఖీకి వస్తున్నారని కబురొచ్చింది. వాళ్లది నిజం తనిఖీ.

కార్యదర్శి కొండలరావుకి ఆలోచన తట్టింది. ఆయన కొండముచ్చు. ఏ కొమ్మ మీదున్నా పై కొమ్మ మీదే చూపు.

"అయ్యా, చెట్లు పెంచితే చల్లబడటానికి ఇరవై ఏళ్లు పడుతుంది. వేడి కనిపించకుండా చేయడానికి ఒక్క ఉత్తర్వు చాలు," అన్నాడు.

"రాయి," అన్నాడు గోధేశ్వరరావు.

మర్నాడు సభలో కొండలరావు చదివి వినిపించాడు.

"ఈ రోజు నుంచి వేసవి రద్దు. వేడిని సూచించే చేష్టలన్నీ నిషేధం. నాలుక బయటపెట్టి వగర్చరాదు, అది అతిథులను వెక్కిరించినట్టు. ఏనుగులు చెవులు ఊపరాదు, అది నిరసన కిందికి వస్తుంది. బురద పూసుకుని విధులకు రారాదు. బురదగుంట చుట్టూ ముళ్లకంచె వేయడమైనది. ఇక కొంగలు తమ కాళ్ల మీద తామే..."

ఇక్కడ కొండలరావు దగ్గాడు. సభంతా డాక్టరు బకనాథం వంక చూసింది.

బకనాథం కొంగ. ఆ జాతి ఎండ మండితే తమ కాళ్ల మీద తామే రెట్ట వేసుకుంటుంది. అది ఆరుతుంటే కాళ్లలో తిరిగే రక్తం చల్లబడుతుంది. చూసేవాళ్లకి మాత్రం డాక్టరుగారు తెల్ల మేజోళ్లు తొడుక్కున్నట్టుంటుంది.

"అది వైద్యమండీ," అన్నాడు బకనాథం.

"వైద్యం పొదల చాటున చేసుకోండి," అన్నాడు కొండలరావు.

బకనాథం ఊరుకోలేదు. "అయ్యా, ఒంటికి వేడి బయటి నుంచే రాదు. లోపల ఎప్పుడూ పొయ్యి మండుతూనే ఉంటుంది. తిన్నా, నడిచినా మంట పెరుగుతుంది. తలలో ఒక కాపలాదారు కూర్చుని, పొయ్యి మితిమీరకుండా చూస్తుంటాడు. రక్తాన్ని చర్మం దాకా తోస్తాడు, చెమట పట్టిస్తాడు, నాలుక చాపిస్తాడు. ఆ తడి ఆరుతూ వేడిని పట్టుకుపోతుంది. మీరు ఆ దారులన్నీ మూసేస్తే లోపల కాపలాదారే ఉడికిపోతాడు."

"ఆ కాపలాదారుని ఎవరు నియమించారు?" అన్నాడు గోధేశ్వరరావు. "సభ ఆమోదం ఉందా?"

లేదని తేలింది. ఉత్తర్వు ఖాయమైంది.

సభ గుమ్మం దగ్గర ఇంకో కాపలాదారు ఉన్నాడు. పేరు రేచప్ప. రేచుకుక్క. ముగ్గురు పిల్లల తండ్రి, మాట అంటే మాటే. వరాలుని అక్కా అని పిలిచేవాడు. రేచుకుక్కకి ఒళ్లంతా బొచ్చు, చల్లబరుచుకోవడానికి ఉన్నదల్లా ఆ జానెడు నాలుక. రేచప్ప ఆ నాలుకని లోపలికి మడిచి, నోరు బిగించి, నిటారుగా నిలబడ్డాడు.

సోమవారం మిట్టమధ్యాహ్నం వరాలు నీళ్లు మోస్తూ ఆగింది. బురద లేక ఆమె తలే దిమ్ముగా ఉంది.

"ఒరే తమ్ముడూ, ఇటు ఎవరూ చూడట్లేదు. కాస్త నోరు తెరువు."

రేచప్ప అడ్డంగా తలూపాడు. "ఇంకో రెండు గంటలే కదక్కా," అన్నాడు పళ్ల మధ్య నుంచి.

రెండో విడత నీళ్లతో వచ్చేసరికి అతను ఎదురుగా ఉన్న మద్దిచెట్టుకి సలాం చేస్తున్నాడు. "అధ్యక్షులవారూ, దయచేయండి," అంటున్నాడు. మాట ముద్దగా ఉంది. కాళ్లు తడబడ్డాయి. ఆ తర్వాత గుమ్మానికి అడ్డంగా కూలిపోయాడు.

వరాలు అతని చెవి పట్టుకుంది. పొయ్యిలోంచి తీసిన చిలగడదుంపలా కాలింది. సొరబుర్ర ఎత్తి అతని నోట్లో నీళ్లు పోయబోతే బకనాథం రెక్కలు కొట్టుకుంటూ వచ్చి ఆపాడు.

"స్పృహ లేనివాడికి తాగించకు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది! ఒళ్లు తడుపు. బురదగుంటలో వెయ్యాలి. ఇప్పుడే. క్షణం క్షణం లోపల ఉడుకుతున్నాడు."

సొరబుర్రలో నీళ్లు అతని ఒంటి మీద గుమ్మరించి, వరాలు కొండలరావు దగ్గరికి పరుగెత్తింది.

"గుంట తెరవండయ్యా, రేచప్ప పడిపోయాడు!"

"ఎందుకు పడిపోయాడు?"

"వేడికి!"

కొండలరావు శాంతంగా తోక సర్దుకున్నాడు. "చూడు వరాలూ. గుంట తెరవాలంటే వేడి ఉందని ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే ఉత్తర్వు తప్పవుతుంది. ఉత్తర్వు తప్పు కాదు. కాబట్టి రేచప్ప పడిపోలేదు."

వరాలు గిరుక్కున తిరిగింది. వెనక్కొచ్చి, తల దించి, ముళ్లకంచెలోకి దూసుకుపోయింది. ముట్టె చీరుకుపోయింది. రేచప్పని మెడ పట్టుకుని ఈడ్చుకెళ్లి బురదలో పడేసింది. గంటసేపు ఒంటి మీద చల్లటి బురద పూస్తూనే ఉంది.

ఆలస్యమైంది. రేచప్ప లేవలేదు.

సాయంత్రానికి నివేదిక వచ్చింది. 'మరణ కారణం: విధి నిర్వహణలో అతి నిద్ర.' బకనాథం సంతకం పెట్టనన్నాడు. పెట్టకపోయినా పెట్టినట్టే అని కొండలరావు పక్కన రాసుకున్నాడు. కంచెలో కంత పూడ్చడానికి మాత్రం మర్నాటి హడావిడిలో ఎవరికీ తీరిక దొరకలేదు.

మంగళవారం అతిథులు వచ్చారు. బృందానికి పెద్ద ఒక ముసలి ఎలుగుబంటమ్మ. నల్ల గొంగళి కప్పుకున్నట్టున్న ఆ ఒంటితో, రావడం రావడమే రొప్పుతూ నీడలో కూలబడింది.

కొండలరావు అధ్యక్షుల కుర్చీని నల్లబండ మీద వేయించాడు. నడినెత్తిన సూర్యుణ్ణి పెట్టుకుని ఉపన్యసిస్తే చల్లదనానికి అంతకంటే రుజువేముంటుందని ఆయన ఆలోచన.

గోధేశ్వరరావు మొదలుపెట్టాడు. "మా అడవిలో వేడి అనే మాటకి అర్థం తెలిసినవాడు లేడు..."

పావుగంట బాగానే నడిచింది. తర్వాత ఆయనకి బండ కింద నుంచీ, సూర్యుడు పైనుంచీ మంట పెడుతున్నట్టయింది.

"తనిఖీకి వెళ్లొస్తా," అని లేవబోయాడు.

కొండలరావు చెవిలో గొణిగాడు. "ఇప్పుడు బండ దిగితే వేడి ఉందని ఒప్పుకున్నట్టే అయ్యా. మన ఉత్తర్వు మనమే మీరితే ఎట్లా?"

గోధేశ్వరరావు మళ్లీ కూర్చున్నాడు. ఒంట్లో చెమట లేదు, పుట్టలోకి దారి లేదు. నోరు బార్లా తెరిచాడు. ఏదో గొప్ప మాట రాబోతోందని సభ్యులు చప్పట్లు కొట్టారు. మాట రాలేదు. తల వాలిపోయింది. చప్పట్లు మరి కాసేపు సాగి ఆగిపోయాయి.

బండ మీదికి వెళ్లే ధైర్యం ఎవరికీ లేకపోయింది. వెళితే వేడిని చూసినట్టవుతుంది.

బకనాథం వరాలు వంక చూశాడు. "ఏం చేద్దాం?"

"డాక్టరు మీరు."

"ఈడ్చే బలం నీది."

వరాలు కదల్లేదు. నిన్న ఇదే వేళకి గుమ్మంలో పడి ఉన్న ఒళ్లు ఆమె కళ్లముందే ఉంది. ఈయన్ని అలాగే వదిలేస్తే అడిగేవాడు లేడు. వేడికి చచ్చాడని రాయను కూడా రాయలేరు.

అయినా వెళ్లింది. తిట్టడానికే వెళ్లానని తర్వాత చెప్పుకుంది. దగ్గరికి వెళ్లి తోక పట్టుకుంటే రేచప్ప చెవిలాగే కాలింది. ఆ స్పర్శకి తిట్టడం మర్చిపోయింది.

తోక పళ్లతో కరిచి లాగింది. స్పృహ పోయింది గానీ ఆయన పట్టు పోలేదు. కుర్చీ కూడా వెంట వచ్చింది. బండ మీది నుంచి, అతిథుల మధ్య నుంచి, కంచెలో కంత గుండా అధ్యక్షుడూ కుర్చీ టకటకమంటూ వెళ్లి బురదలో పడ్డారు.

గోధేశ్వరరావు కాసేపటికి కన్ను తెరిచాడు. ఇంకాసేపటికి కాలు కదిపాడు. "ఈ సౌకర్యం ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు నీరసంగా.

ఎలుగుబంటమ్మ ఎవర్నీ అడక్కుండా పక్కనే దిగి, మెడదాకా మునిగి, ఇంత చల్లని అడవిని చూడలేదని బిరుదు అక్కడికక్కడే ఇచ్చేసింది.

సాయంత్రం కొత్త ఉత్తర్వు వచ్చింది. 'మంగళవారం మధ్యాహ్నం నుంచి అడవిలో వేసవి ప్రారంభమైనట్టు సభ గుర్తించినది. ఎవరి పద్ధతిలో వారు చల్లబడవచ్చును.' అడవంతా ఒక్కసారిగా నాలుకలు బయటపెట్టింది. ఏనుగుల చెవులకి గాలి దుమారం లేచింది. బకనాథం అందరూ చూస్తుండగా కాళ్లు తెల్లగా చేసుకున్నాడు.

వరాలు మాత్రం బురద కారుతూ కొండలరావు ముందు నిలబడింది. "రేచప్ప కాగితం మార్చండయ్యా. వేడికే పోయాడని రాయండి. పిల్లలు రేపు అడుగుతారు, మా నాన్న కాపలా మాని నిద్రపోయాడా అని."

కొండలరావు రేచప్ప నివేదిక చేతిలోకి తీసుకుని, కొత్త ఉత్తర్వు మరోసారి చదువుకున్నాడు. గొంతు తగ్గించి, "ఎట్లా వరాలూ? అతను పోయింది సోమవారం కదా. సోమవారం వేడి లేదు," అన్నాడు.

వరాలు రేచప్ప కాగితం ఆయన చేతిలోంచి తీసుకుంది. ఉద్యోగ నియమాల ప్రకారం ఊడ్చేసింది. నమిలి మింగాక నేరుగా రేచప్ప గుహకి వెళ్లి, పిల్లలు ముగ్గురినీ కూర్చోబెట్టి జరిగింది జరిగినట్టు చెప్పింది.

నీతి: అడవికి ఎండాకాలం వచ్చేది సూర్యుడు మండినప్పుడు కాదు, అధ్యక్షుడు సొమ్మసిల్లినప్పుడు.