దేవకమ్మ ఫోనుకు పదకొండు మార్కులు

రెండువేల ఏడో సంవత్సరం జూన్ ఒకటో తేదీ నుంచి చిత్తూరు జిల్లాలో ఏ రైతూ వేరుశనగ విత్తనాల కోసం వరుసలో నిలబడనవసరం లేదని, రైతుకు బదులు రైతు ఫోను నిలబడుతుందని విత్తన పంపిణీ ఆధునికీకరణ విభాగం సంతోషంతో ప్రకటించింది. ప్రకటన కింద ప్రత్యేకాధికారి పరంధామయ్యగారి సంతకం, సంతకం కింద ఆయన ఫోటో ఉన్నాయి. అంతకుముందు రైతులు గోదాము ముందు తమ చెప్పులు, రాళ్లు, కండువాలు వరుసగా పెట్టి, తాము పోయి గోడ నీడన కూర్చునేవారు. చెప్పులు ఎండలోనూ మనుషులు నీడలోనూ ఉండడం ఆధునిక యుగానికి తగదని పరంధామయ్యగారు ఎన్నో సభల్లో ఆవేదన చెంది ఉన్నారు.

ఇందుకు కావలసిన సాఫ్ట్‌వేరు రాసే పని, తిరుపతి బస్టాండు దగ్గర ఒక లాడ్జి పైమేడలో నడిచే కంపెనీకి దక్కింది. యజమాని ధర్మేంద్రతో కలిపి అందులో ఆరుగురు. ఆ ఆరుగురిలో పని చేసేవాడు మునికుమార్. ఎం.సి.ఏ. చదివాడు. చదివించింది మేనత్త దేవకమ్మ. వడమాలపేట పక్క పల్లెలో ఆమెకు వానను నమ్ముకున్న మూడెకరాల చేను ఉంది. మూడేళ్ల వేరుశనగ పంట మునికుమార్ ఫీజులకే పోయింది. మొదటి జీతం అందగానే అతను ఆమెకు ఒక టార్చిలైటు ఫోను కొనిపెట్టాడు. ఆమె దాన్ని వక్కాకు సంచిలో పెట్టుకుని తిరిగేది. మోగితే సున్నం అంటకుండా తీసి మాట్లాడేది.

అప్పట్లో ఫోన్లన్నీ ఒక తల్లి బిడ్డలు కావు. ఒకదాని తెర తపాలా బిళ్లంత, ఇంకొకదానిది అగ్గిపెట్టెంత. ఒకదానికి రంగులుంటాయి, ఒకదానికి ఉండవు. ఒకటి తెలుగు అక్షరాలు చూపిస్తుంది, మరొకటి అక్షరాల చోట ఖాళీ గళ్లు చూపిస్తుంది. అందుకని బీజబంధు అనే ఈ సాఫ్ట్‌వేరు ఏ ఫోనులోకి ఎక్కినా, పెళ్లివారింటికి వచ్చిన పెద్దమనిషిలాగా ముందు యోగక్షేమాలు విచారించేది. నీ పేరేమి, నీ తెర వెడల్పెంత, జ్ఞాపకశక్తి ఎంత, రంగులు వచ్చా, తెలుగు వచ్చా అని. ఫోను చెప్పిన జవాబును బట్టి అది మోయగలిగినంతే పంపేది. ఫోను అబద్ధం చెప్పొచ్చునన్న ఆలోచన దానికి లేదు.

మునికుమార్, అతని పక్క కుర్చీలో పనిచేసే లోహిత కలిసి రెండు నెలలు తిరుపతిలోని ఫోన్ల అంగళ్లన్నీ తిరిగారు. రెండువందల పద్నాలుగు రకాల ఫోన్లు చేత్తో పట్టి చూసి, ఒక్కొక్కదానికీ నూటికి ఇన్ని అని మార్కులు వేశారు. డెబ్బై దాటితే బొమ్మలు పంపాలి, నలభై దాటితే అక్షరాలు, అంతకన్నా తక్కువైతే రెండు ముక్కల మెసేజి. ఆ మార్కులతో ఉన్న పని అంతే. టార్చిలైటు ఫోనులోకి ఈ సాఫ్ట్‌వేరు ఎక్కనే ఎక్కదు. అది ఒక మెసేజి పంపగలదు, ఎదురు ప్రశ్న వేస్తే నోరు మెదపదు. నోరు మెదపని ఫోనుకు కూడా ఎంతో కొంత వేయాలి కాబట్టి మునికుమార్ పదకొండు వేశాడు. పదకొండే ఎందుకంటే ఆరోజు తేదీ పదకొండు.

రైతులు పేర్లు నమోదు చేసుకున్నాక చిత్తూరులో సమీక్షా సమావేశం జరిగింది. పరంధామయ్యగారి ముందు నివేదిక పెట్టారు. రైతు పేరు, ఊరు, ఫోను రకం, మార్కులు. మన రాష్ట్రంలో మనిషికి ఒక పేరు పక్కన మార్కులు కనపడితే చెయ్యి ఊరుకోదు. పరంధామయ్యగారు ఎర్రపెన్ను తీసి, ముప్పైఐదు దగ్గర అడ్డంగా ఒక గీత గీశారు.

“సార్, అవి ఫోను మార్కులు సార్,” అన్నాడు మునికుమార్ లేచి.

“ఫోను ఎవురిదప్పా?”

“రైతుది సార్.”

“ఇంకేమి మల్ల!” అన్నారు పరంధామయ్యగారు. ధర్మేంద్ర బల్ల కింద మునికుమార్ మోకాలు నొక్కి కూర్చోబెట్టాడు. తర్వాత పరంధామయ్యగారు ఇరవై నిమిషాలు ప్రసంగించారు. “ఇన్నాళ్లూ మనం అందరికీ విత్తనాలు పంచి వ్యవసాయాన్ని నాశనం చేశాం. చదువుకు పరీక్ష ఉంది, ఉద్యోగానికి పరీక్ష ఉంది. దేశానికి వెన్నెముక అయిన రైతుకు ఒక్క పరీక్ష కూడా లేకపోవడం మనం ఆయనకు చేసిన ఘోర అవమానం. ఈనాటితో ఆ అవమానం తొలగింది.” కాఫీలు వచ్చే లోపల, గీత దాటినవారికే విత్తనాలని, ర్యాంకుల జాబితా తయారు చేయమని ఉత్తర్వు అయింది.

జాబితా ప్రతి గోదాము గోడకూ అంటించారు. జిల్లా మొదటి ర్యాంకు పుత్తూరుకు చెందిన ఆదిమూలానికి వచ్చింది, నూటికి తొంభైఆరు. ఆయన తన పదకొండెకరాలూ ప్లాట్లు చేసి అమ్ముతున్న ప్రముఖ రైతు. సన్మాన సభలో ఆయన తన విజయరహస్యం దాచుకోలేదు. “రోజుకు పద్నాలుగు గంటలు ఫోను పట్టుకునే ఉండేవాణ్ని. తిండి మీద కూడా ధ్యాస ఉండేది కాదు. కృషి ఉంటే ఏ పేద రైతుకైనా ఇది సాధ్యమే. ఈ ర్యాంకు మా అమ్మానాయనలకు అంకితం,” అన్నాడు. చేలో అప్పటికే సరిహద్దు రాళ్లు నాటి ఉన్నందున విత్తనాలు నాటడానికి చోటు చాలక, వచ్చిన మూటలన్నీ నూనె మిల్లుకు పంపి దేశం కొరత తీర్చాడు. మంచి ర్యాంకులు వచ్చిన మరికొందరు రైతులు కూడా ఆయన అడుగుజాడల్లో నడిచారు.

ర్యాంకులుండి కోచింగు లేకపోతే తిరుపతికి అప్రతిష్ఠ. వారం తిరక్కుండా ఫోన్ల అంగళ్ల ముందు బోర్డులు లేచాయి. షార్ట్‌టర్మ్ అంటే పైడిప్ప మార్చడం, లాంగ్‌టర్మ్ అంటే లోపలి బోర్డు మార్చడం. పోయినసారి తప్పిన ఫోన్లకు ప్రత్యేక శ్రద్ధ. చైనా ఫోన్లు అప్పుడే సంతల్లో దిగాయి. వాటికి రెండు సిమ్ములు, నాలుగు స్పీకర్లు, ఆత్మవిశ్వాసం కొల్లలు. నీ పేరేమి అని బీజబంధు అడిగితే, లోకంలో అన్నిటికన్నా ఖరీదైన ఫోను పేరు చెప్పి నిలబడేవి. పాపం, అది నమ్మి తొంభై వేసేది. దేవకమ్మ పక్కచేను ఎల్లప్ప అలాంటిదొకటి కొని తొంభైరెండు తెచ్చుకున్నాడు. జిల్లా రైతుల సామర్థ్యం పది రోజుల్లో మూడింతలైందని పరంధామయ్యగారు హైదరాబాదుకు రాశారు. భేష్ అని జవాబొచ్చింది. ఫోనులో పాము ఆట బాగా ఆడేవారికి క్రీడాకోటా కింద ఐదు మార్కులు కలపాలన్న వినతిని సానుభూతితో పరిశీలిస్తున్నట్టు పత్రికల్లో పడింది.

జూన్ పద్దెనిమిదిన మునికుమార్‌కు దేవకమ్మ ఫోను చేసింది.

“ఒరే మునీ, నేను ఫెయిలయినానంట గదరా.”

“నువ్వు కాదత్తా, ఫోను.”

“ఫోనేమన్నా బడికి పోయిందా? గోడ మింద నా పేరే రాసుండారు, దేవకమ్మ, పదకొండు అని. బడి మొగం సూడకుండానే ఫెయిలయిన దాన్ని ఈ మండలంలో నేనొక్కదాన్నే అంట. ఎల్లప్ప కనిపించినోళ్లకంతా సెప్తా ఉండాడు. అది పోనీ. మొన్నా నిన్నా రెండు దినాలు మంచి వాన పడిండాది. దుక్కి దున్ని పెట్టుకోని ఉండా. ఇంకో నాలుగు దినాలు నేలలో పదునుంటాది, అంతే. ఆ లోపల విత్తనం కాయలు పడకపోతే ఈ ఏడు చేను బీడే. నువ్వు ఆ ఆఫీసోళ్ల కాడనే పని చేస్తా ఉండావు గదా, రవంత అడిగి సూడు నాయనా. ఆ మార్కులేసినోడు ఎవుడో గానీ, వాడు అన్నమే తింటాడా?”

వేసింది తానేనని మునికుమార్ చెప్పలేకపోయాడు. ఆ ఫోను కొనిచ్చిందీ తానే, దానికి పదకొండు వేసిందీ తానే. సిగ్గుతో చచ్చిపోయాడు. మరునాడు పుత్తూరుకు పరుగెత్తి బయట కొందామని చూస్తే, విత్తన కాయలన్నీ మిల్లుకు పోయాయన్నారు. అక్కణ్నుంచి చిత్తూరు బస్సెక్కి పరంధామయ్యగారి ముందు నిలబడ్డాడు.

పరంధామయ్యగారు దయగల మనిషి. కూర్చోమన్నారు, కాఫీ ఇప్పించారు, ఫెయిలైన రైతుల పట్ల ప్రభుత్వానికి కోపమేమీ లేదని చెప్పారు. రీవాల్యుయేషనుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఫోనును, దాని రసీదును, గెజిటెడ్ అధికారి ఇచ్చిన ఫోను సత్ప్రవర్తన పత్రాన్ని జత చేయాలి. ఇరవైఒక్క రోజుల్లో ఫలితం.

“పదును మూడు దినాలే ఉంటుంది సార్.”

“పదునుకు చెప్పండప్పా, తొందరపడొద్దని,” అన్నారు పరంధామయ్యగారు. అది హాస్యమని గుమాస్తాలు నవ్వాక మునికుమార్‌కు అర్థమైంది.

లాడ్జి పైమేడకు తిరిగొచ్చి లోహితకు చెప్పుకున్నాడు. ఆ పిల్ల ఎక్కువ మాట్లాడేది కాదు. “మునీ, పదకొండు యాడ రాసినావో ఆడనే ముప్పైఆరని రాయి. ఒక్క లైను గదా,” అంది. ఉద్యోగం పోతుందేమో అన్నాడు. అత్త చేను పోతుంది కదా అంది. మునికుమార్ కుర్చీ లాక్కుని ఆ ఒక్క లైను మార్చాడు. రెండు నెలల్లో తాను రాసిన అన్ని లైన్లలోకీ అతనికి తృప్తి కలిగించింది అదొక్కటే.

మరునాటికి జిల్లాలో నలభైవేల టార్చిలైటు ఫోన్లు పాసయ్యాయి. నలభైవేల మంది పాసుపుస్తకాలు పట్టుకుని గోదాముల వైపు బయలుదేరారు. దేవకమ్మ కూడా ఎద్దులబండి మాట్లాడుకుని తెల్లారకముందే తలంటుకుని మరీ వచ్చింది.

గోదాము తలుపులు తెరవలేదు. ఎందుకంటే చిత్తూరులో ధర్నా మొదలైంది. ధర్నా చేస్తున్నది విత్తనాలు అందనివారు కాదు, అందినవారు. ఆదిమూలం ముందు వరుసలో కూర్చున్నాడు, పక్కన ఎల్లప్ప. ‘ప్రతిభకు పాతరేయొద్దు’ అని అట్టల మీద రాసి పట్టుకున్నారు. “మేం రాత్రింబగళ్లు కష్టపడి తెచ్చుకున్న మార్కులకు విలువేమిటి?” అని ఆదిమూలం మైకులో గద్గదస్వరంతో అడిగాడు. అతని కష్టం తలచుకుని కొందరు కళ్లు తుడుచుకున్నారు. వాళ్లలో టార్చిలైటు ఫోన్ల వారు కూడా ఉన్నారు.

అందరూ పాసైతే దాన్ని పరీక్ష అనరని, సంతర్పణ అంటారని పరంధామయ్యగారు తీర్పు చెప్పారు. పాసు మార్కు అరవైకి పెంచారు. లైను మార్చినవాడెవడని విచారిస్తే మునికుమార్ తప్పు ఒప్పుకున్నాడు. ఉద్యోగం తీసేయలేదు, ఎందుకంటే ఆ సాఫ్ట్‌వేరు ఎక్కడ ఏముందో ఇంకెవరికీ తెలియదు. అర్హత లేనివారికి ఇకమీదట మార్కులు వేయనని తెల్లకాగితం మీద రాసివ్వమన్నారు. అతను రాసి సంతకం పెట్టాడు. ఆ సంగతి తర్వాత లోహితతో చెప్పుకుని ఏడ్చాడు.

దేవకమ్మ ఖాళీ బండితో ఇల్లు చేరింది. మూడో రోజుకు పదును ఆరిపోయింది. ఆగస్టులో ఇన్ని ఉలవలు తెచ్చి చల్లింది. ఊళ్లోవాళ్లు ఒక్కరొక్కరే వచ్చి పలకరించిపోయారు. విత్తనాలు ఇవ్వని ఆఫీసును తిట్టినవారు ఒక్కరూ లేరు. ఈసారి కాకపోతే మళ్లీసారి వస్తాయి, ధైర్యంగా ఉండు, కొంచెం మంచి ఫోను చూసుకో అని బుద్ధి చెప్పారు. ఆమె మొదట్లో వాళ్లను కసిరింది. తర్వాత్తర్వాత తలొంచుకుని వినడం మొదలుపెట్టింది. సంత రోజుల్లో బజారు వైపు పోవడం మానేసింది.

దసరాకు వెళ్లిన మునికుమార్‌ను ఆమె అడిగిందొక్కటే. “నువ్వేసే మార్కులే గదా అవి, ఎల్లప్ప సెప్పినాడు. నేనేమీ అనుకోలేదులే. ఏ ఫోనుకు ఎక్కువ వస్తాయో నీకు తెలవకుండా ఉండదు. అది కొనియ్యి నాయనా.” అది ఉత్త అబద్ధపు పరీక్ష అని అతను అరగంట చెప్పాడు. అంతా విని, “అయితే ఎప్పుడు కొనిస్తావు?” అంది. అతను తిరుపతిలో ఎనభైఎనిమిది మార్కుల ఫోను ఎంచి తెచ్చిచ్చాడు. అంగడివాడు దాని గొప్పతనం చెప్పబోతే, నాకు తెలుసులేప్పా అన్నాడు.

మరుసటి జూన్‌లో దేవకమ్మకు మండలంలో నాలుగో ర్యాంకు వచ్చింది. మునికుమార్ వెళ్లేసరికి వరండాలో విత్తనాల మూటలు వరుసగా ఉన్నాయి. వాటి పక్కన కుర్చీలో ఆమె కొత్తచీర కట్టుకుని కూర్చుని ఉంది. బడిపంతులు పిల్లలను వరుసలో తీసుకొచ్చి ఆమెను చూపించి, ఈమెలాగా పట్టుదలగా ఉండాలని చెప్పి తీసుకెళ్లాడు. ఎల్లప్ప వచ్చి చెయ్యి కలిపాడు. ఆ ఏడు జూన్‌లో చుక్క వాన పడలేదు. జూలైలోనూ పడేలా లేదు. చేను కాళ్లు కాలేటట్టు ఎండిపోయి ఉంది.

“వాన లేదు గదత్తా, ఈ కాయలేం చేస్తావు?”

“వానదేముందిరా, ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు పడతాది,” అంది దేవకమ్మ, అతని చేతిలో మైసూరుపాకు పెడుతూ. “నేను పాసయినాను గదా. నలుగుర్లో తలెత్తుకోని తిరగతా ఉండా. నువ్వు ముందు నోరు తీపి చేసుకో.”

మునికుమార్ తిన్నాడు. ఆ ఏడు జిల్లాలో ఉత్తీర్ణత తొంభైనాలుగు శాతమని పరంధామయ్యగారు ప్రకటించారు, పత్రికలు మొదటి పేజీలో వేశాయి. ఎన్ని ఎకరాల్లో విత్తనం పడిందని ఆయన చెప్పలేదు, విలేకరులు అడగలేదు. ఎవరికెన్ని మార్కులొచ్చాయో ఇంతసేపూ శ్రద్ధగా చదువుతూ వచ్చిన మీరు మాత్రం ఎక్కడ అడిగారు?