ఒక గది తక్కువ

ఆ పట్టణంలో పెళ్ళివారికి విడిది గదులు చాలకపోతే, ఆడపెళ్ళివారిలో ఒక మనిషి గదిగా మారాలి. ఈ నిబంధన వచ్చి పంతొమ్మిదేళ్ళయింది. కల్యాణ మండపానికి అర కిలోమీటరు లోపల విడిది ఉండి తీరాలని పురపాలక సంఘం తీర్మానం చేసింది. స్థలం ఉంది. ఇటుక, ఇసుక దొరకలేదు. మనుషులు దొరికారు.

మారడం పెద్ద పని కాదు. మధ్యాహ్నం భోజనం అయ్యాక ఖాళీ స్థలంలో చాప వేసి పడుకోబెడతారు. సాయంత్రానికి గోడలు లేస్తాయి. మూడో రోజుకి తడి ఆరుతుంది, సున్నం కొడతారు. మనిషి ఎత్తును బట్టి కప్పు ఎత్తు. కోపిష్టి వాళ్ళ గదులు వేడిగా ఉంటాయి. వాగుడు మనుషుల గదుల్లో పక్క గది మాటలన్నీ వినిపిస్తాయి. పీనాసులకు ఒకటే కిటికీ, అదీ పైన. ఇంజనీరు వచ్చి, దారానికి గుండు కట్టి గోడలు నిలువుగా ఉన్నాయో లేదో చూసి, తలుపు మీద నంబరు వేయిస్తాడు. ఆ నంబరు చూపిస్తే రేషను కార్డులోంచి పేరు తీసేస్తారు.

జోగారావు చెరుకు కాటా దగ్గర గుమాస్తా. యాభై ఎనిమిదేళ్ళు. ఒక్కతే కూతురు, సుగుణ. భార్య పైడమ్మ పదకొండేళ్ళ కిందట, జోగారావు తమ్ముడు సింహాద్రి కూతురి పెళ్ళిలో గదిగా మారింది. పెళ్ళికి నాలుగు రోజుల ముందు ఒక గది తక్కువైంది. ఫారం భోజనాల వేళ వచ్చింది. పైడమ్మ పప్పు వడ్డిస్తోంది. ఎవరి పేరు రాయాలని మేనేజరు అడిగాడు. బంధువులందరూ విస్తళ్ళలోకి చూసుకున్నారు. జోగారావు కలం తీసుకుని, "మా ఆవిడ ఎక్కడైనా సర్దుకుంటుంది" అని సంతకం పెట్టాడు. పంక్తి అయ్యాక పైడమ్మకు చెప్పారు. ఆమె చెంగుకి చెయ్యి తుడుచుకుని, "పిల్లకి జడ ఎవరేస్తారు?" అని ఒక్కటే అడిగింది. ఆమె వెళ్ళి చాప మీద పడుకుంది.

ఆ తర్వాత జోగారావు ఆ మండపం ఉన్న వీధికి వెళ్ళలేదు.

ఇప్పుడు సుగుణకు సంబంధం కుదిరింది. పెళ్ళికొడుకు తల్లి వరాలమ్మ విడిది జాబితా పంపింది. ఇరవై మూడు గదులు కావాలి. గురక పెట్టే మేనమామకు వేరే గది. మాటల్లేని తోటికోడళ్ళిద్దరికీ చెరో గది, మధ్యలో రెండు గదుల ఎడం. ఇరవై మూడోది పెట్టెలకి.

జోగారావు, సింహాద్రి, సుగుణ మండపాలు చూడడానికి బయలుదేరారు. మొదటి మండపంలో గదులన్నీ ఒకే ఇంటివాళ్ళు. ఆస్తి పంపకాల్లో తగువు పడిన అన్నదమ్ములు. ఒక గది తలుపు తెరిస్తే పక్క గది తలుపు బిగుసుకుపోయేది. రెండోదానికి ముప్పై గదులు. అన్నీ ఖాళీగా, పొడిగా ఉన్నాయి. చాలామంది రిటైరైన బడిపంతుళ్ళు. గదిలో ఎవరైనా గట్టిగా మాట్లాడితే దీపం ఆరిపోతుంది, అంతకుమించి ఇబ్బంది లేదు. జోగారావు ప్రతి గదీ లెక్కపెట్టాడు. ముప్పై ఉన్నాయి. మళ్ళీ లెక్కపెట్టాడు. ముప్పైయే.

"ఇదే బాగుంది. ఇదే ఖాయం చేసేద్దాం" అన్నాడు.

"కుసుమాంబ మండపం చూడలేదు నాన్నా" అంది సుగుణ.

"అక్కడ ఇరవై రెండేనమ్మా గదులు."

"అమ్మ ఉన్నది అక్కడ."

సింహాద్రి ఆటోని పిలిచాడు.

కుసుమాంబ మండపం మేనేజరు కనకారావు మర్యాదస్తుడు. వచ్చినవాళ్ళకి మజ్జిగ ఇప్పించి, తాళంచెవుల గుత్తి తీసుకుని వరండా వెంట నడిచాడు. తొమ్మిదో నంబరు దగ్గర ఆగి, "ఇది మా మండపానికే మంచి గదండి. ఎండాకాలంలో కూడా చల్లగా ఉంటాది" అన్నాడు. సుగుణ తలుపు మీద వేలు ఆనించింది. తెరుచుకుంది. సింహాద్రి వెళ్ళాడు. జోగారావు వంతు వచ్చేసరికి తలుపు దానంతటదే మూసుకుంది. అతను భుజం ఆనించి తోశాడు. కనకారావు కూడా సాయం పట్టాడు.

లోపల చల్లగా ఉంది. గోడ మీద, నడుము ఎత్తున, తడి చెయ్యి తుడిచినట్టు ఒక మరక. ఎన్నిసార్లు సున్నం కొట్టినా పోలేదని కనకారావు చెప్పాడు. సుగుణ కింద కూర్చుని గోడకు వీపు ఆనించింది. కాసేపటికి లేచింది. ముడి వేసుకుని వచ్చిన జుట్టు మూడు పాయల జడగా అల్లి ఉంది.

"ఈ గదిలో అంతేనండి. మగపెళ్ళివారి ఆడపిల్లలు అడిగి మరీ తీసుకుంటారు" అన్నాడు కనకారావు.

"నాన్నా, ఇదే ఖాయం" అంది సుగుణ.

"ఒక గది తక్కువమ్మా."

"తెలుసు."

"ఆ ముప్పై గదుల మండపంలో అయితే ఎవరికీ..."

"అక్కడ అమ్మ లేదు కదా."

కూతురు అతని మొహంలోకి చూసింది. "ఆ రోజు అమ్మని అడిగేవా?" అంది.

"లేదు."

"మరి?" అంది సుగుణ. అని బయటికి వెళ్ళిపోయింది.

జోగారావు ఆ రోజే వరాలమ్మ ఇంటికి వెళ్ళాడు. ఇరవై మూడును ఇరవై రెండు చెయ్యమని బతిమాలాడు. ఆమె తమలపాకుకు సున్నం రాస్తూ విన్నది.

"పెట్టెల గది తీసేయమంటారా? మరి పెట్టెలెక్కడ పెట్టమంటారు అన్నయ్యగారూ, మీ నెత్తిమీదా?"

"వరండాలో పెడితే నేను కాపలా ఉంటానమ్మా. రెప్ప వెయ్యను."

"అయ్యో, ఆడపిల్ల తండ్రి చేత కాపలా కాయించేమంటే మా పరువేటవుతాది? మీరు హాయిగా ఉండండి. తొమ్మిదో నంబరు మాత్రం నాకు. చల్లగా ఉంటాదట కదా."

మర్నాడు ఉదయం అతను కనకారావు గదిలో కూర్చున్నాడు. బల్ల మీద నాలుగో నంబరు ఫారం ఉంది. పేరు, వయసు, ఎత్తు, స్వభావం, పెళ్ళి తంతులో చేసే పని. చివరి గడి ముఖ్యం. పెళ్ళి తంతులో పని ఉన్నవాళ్ళను గదిగా మార్చడానికి వీల్లేదు.

జోగారావు ఆ గడిలో 'పెళ్ళికూతురి తండ్రి' అని రాశాడు.

కనకారావు చదివి, గీత కొట్టాడు. "అది బంధుత్వమండి. పని కాదు."

"కన్యాదానం చేస్తాను."

"పీటల మీద జంటగా కూర్చోవాలి కదండి. పెళ్ళికొడుకు కాళ్ళు కడగాలంటే నీళ్ళు పొయ్యడానికి ఆవిడ ఉండాలి."

"మా ఆవిడ ఉంది. మీ తొమ్మిదో నంబరే. చనిపోలేదు. మీరే పత్రం ఇచ్చేరు, మారినదని."

కనకారావు కోప్పడలేదు. ఇలాంటి దరఖాస్తులు అతను చాలా చూశాడు. పత్రం తీసి చూశాడు. "ఉన్నారండి. కాదనను. కానీ గది పీట మీద కూర్చోదు. పీటల్ని గదిలోకి తీసికెళ్దామంటే అది పది అడుగులు, పన్నెండు అడుగులు. మూడొందల మంది బయట నిలబడి ఏటి చూస్తారు? అదీకాక ఆ గది వరాలమ్మగారికి కేటాయించేసాం."

జోగారావు కలం కింద పెట్టాడు. పదకొండేళ్ళ కిందట సంతకం పెట్టకపోయి ఉంటే ఈ రోజు అతను జంటలో ఒకడు. జంటలో ఒకడైతే అతనికి పని ఉండేది. పని ఉంటే గది కాడు. ఈ లెక్క అతనికి అర్థమైంది. కాటా దగ్గర అంతకంటే కష్టమైన లెక్కలు చేశాడు.

అతను సింహాద్రి ఇంటికి వెళ్ళాడు.

"తమ్ముడా, నీ కూతురి పెళ్ళికి మీ వదిన్ని ఇచ్చేను."

"ఇచ్చేవు అన్నయ్యా. వదిన దేవత."

"మరి నువ్వు?"

"నేనేటి చెయ్యగలను? కాళ్ళు నేనూ మీ మరదలూ కడగాలి కదా. మేము లేకపోతే సుగుణ పెళ్ళే ఆగిపోతాది. అది నాకూ కూతురే. దాని కోసం ఏటైనా చేస్తాను."

"అయితే గదవ్వు."

"అదొక్కటీ కాదు అన్నయ్యా."

సాయంత్రానికి కబురు బంధువులందరికీ చేరింది. ప్రతివాడూ తనకొక పని రాయించుకున్నాడు. పెళ్ళికొడుక్కి గొడుగు పట్టడానికి నలుగురు. కాళ్ళు కడిగిన పళ్ళెం తియ్యడానికి ఇద్దరు. తాళిబొట్టు పళ్ళెం సభలో తిప్పడానికి వీధికొకరు. జోగారావు పెదనాన్న కొడుకు చెప్పుల దగ్గర నిలబడతానన్నాడు. అది తంతు కాదని కనకారావు అంటే, చెప్పులు పోతే పెళ్ళి అపశకునమని వాదించి నెగ్గాడు. తొంభయ్యేళ్ళ అత్త ఒకామె, మంచం మీద నుంచి లేవలేనిది, తన పనిగా 'దీవెన' అని రాయించింది. దాన్నీ ఒప్పుకున్నారు. ఒక్క జోగారావు గడే ఖాళీగా ఉంది.

అతను పారిపోవాలనుకున్నాడు. సంచిలో రెండు చొక్కాలు పెట్టుకుని బస్టాండుకు వెళ్ళాడు. విశాఖపట్నం బస్సు నిలబడి ఉంది. ఎక్కలేదు. ధైర్యం వచ్చి కాదు. ఆడపెళ్ళివారి పెద్ద కనబడకపోతే ఫారంలో పెళ్ళికూతురి పేరు రాస్తారని నిబంధనల పుస్తకం చివర ఉంది. పెళ్ళికూతురికి తంతులో పని ఉంది కదా అని అతను ముందే అడిగాడు. పెళ్ళి ఉంటేనే కదండి, అన్నాడు కనకారావు.

సంచితో సహా తిరిగి వచ్చాడు.

పెళ్ళికి నాలుగు రోజుల ముందు, మధ్యాహ్నం, అతనికి భోజనం పెట్టారు. పప్పు బాగుంది. అతను తినలేకపోయాడు. తొమ్మిదో నంబరు పక్కన చోటు ఇమ్మని అడిగాడు. ఒక పక్క ఎనిమిది, ఇంకో పక్క పది ఉన్నాయని, ఆ కొస మరుగుదొడ్ల పక్కన మాత్రమే ఖాళీ ఉందని కనకారావు చెప్పాడు. సుగుణ వెంట వచ్చింది. చాప ఆమే వేసింది. ముడతలు లేకుండా సవరించింది.

"భయంగా ఉందమ్మా" అన్నాడు జోగారావు.

"అమ్మకీ ఉండే ఉంటాది."

"నువ్వు అప్పుడప్పుడూ..."

"వస్తాను నాన్నా. అమ్మని చూడ్డానికి వస్తాను కదా."

అతను పడుకున్నాడు. ముందు వేళ్ళు బిగుసుకున్నాయి. అరవాలనుకున్నప్పుడు నోటి స్థానంలో గుమ్మం ఉంది. సాయంత్రం అయిదింటికి ఇంజనీరు వచ్చాడు. గోడలు నిలువుగానే ఉన్నాయి. కిటికీ ఒకటే వచ్చింది, అది కూడా సరిగా తెరుచుకోదు. స్వభావం గడిలో 'ఉక్క' అని రాసి, తలుపు మీద ఇరవై మూడు వేయించాడు.

పెళ్ళి బాగా జరిగింది. సింహాద్రి, అతని భార్య పీటల మీద కూర్చుని కాళ్ళు కడిగారు. సింహాద్రి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఫోటోల్లో అవి బాగా పడ్డాయి. పెళ్ళికూతురి జడ ఎవరు వేశారో గానీ చాలా ముచ్చటగా ఉందని మగపెళ్ళివారి ఆడవాళ్ళు అనుకున్నారు. ఇరవై మూడో గదిలో పెట్టెలు పెట్టారు. పదిహేడు పెట్టెలు, రెండు గంపలు, ఒక కూజా. ఎవరో మూల కిళ్ళీ ఉమ్మారు.

మర్నాడు పొద్దున్న వరాలమ్మ పెట్టెలు తీయించడానికి వచ్చింది. వెనకాల సుగుణ, కొత్త చీరలో, కొత్త కోడలు నవ్వాల్సినంత నవ్వుతూ. గుమ్మం దగ్గర కనకారావు తాళంచెవులతో నిలబడ్డాడు.

"మండపం నచ్చింది కనకారావూ. వచ్చే వైశాఖంలో మా చిన్నమ్మాయి పెళ్ళి. ఇక్కడే చేసుకుంటాం."

"చాలా సంతోషమండి. ఎన్ని గదులు?"

"అటువాళ్ళు ఇరవై నాలుగంటన్నారు."

"ఒక గది తక్కువవుతాదండి. ఈసారి మీరు ఆడపెళ్ళివారు."

వరాలమ్మ ఎక్కువ ఆలోచించలేదు. వెనక్కి తిరిగి, సుగుణ గడ్డం పుణికి, "దానికేటుంది? మా కోడలు ఎక్కడైనా సర్దుకుంటుంది" అంది.

సుగుణ నవ్వు పోలేదు. ఎక్కడ ఆపాలో ఆమెకు తెలియలేదు. "అలాగే అత్తయ్యా" అంది.

ఇరవై మూడో గదిలో ఫ్యాను ఆగిపోయింది. కిటికీ రెక్క కొట్టుకోవడం మొదలుపెట్టింది. గాలి లేదు. తలుపు సగం వరకూ మూసుకుని, పెట్టె అడ్డుపడి, మళ్ళీ మూసుకోబోయి, మళ్ళీ పెట్టెకే తగిలింది. కప్పు నుంచి సున్నం రాలి సుగుణ జడ మీద పడింది.

వరాలమ్మ వెనక్కి అడుగు వేసింది. "ఏటిది?"

కనకారావు జేబులోంచి చిన్న పుస్తకం తీసి, 'ఇరవై మూడు, ఫ్యాను' అని రాసుకున్నాడు.

"కొత్తలో అన్నీ ఇలాగే చేస్తాయమ్మా. సర్దుకుంటుంది" అన్నాడు.