వాటాలు వేసిన పుస్తకం

మా కార్‌బులాక్ గ్రామ కార్యాలయ సిబ్బంది ఏడుగురూ కొత్త కంప్యూటర్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను నూటికి నూరు పాళ్లు నేర్చుకున్నారని ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమైనది. ప్రశంసాపత్రం గోడకు వేలాడుతోంది, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. కంప్యూటర్‌ను మాత్రం చూపించమని అడగవద్దు. దాని మీద అధ్యక్షుల వారి భార్య స్వయంగా కుట్టిన పూల గుడ్డ కప్పి ఉంది. గుడ్డ తీస్తే ఆవిడ నొచ్చుకుంటుంది.

ఏప్రిల్ ఆఖర్లో పై కార్యాలయం వారు ఆ యంత్రాన్నీ, దాన్ని వాడే విధం తెలిపే నాలుగు వందల పేజీల మార్గదర్శినినీ పంపారు. వెంట ఒక ఉత్తర్వు. కొండ మీది వేసవి మేత భూములకు మందలను తోలుకుపోయే అనుమతి కాగితం ఇకపై ఆ యంత్రంలోంచే రావాలి. చేత్తో రాసింది చెల్లదు. సిబ్బంది అంతా పుస్తకం చదివి నేర్చుకున్నాకే యంత్రాన్ని ముట్టాలి. అన్నీ ఆలోచించి రాసిన ఉత్తర్వు. గొర్రెల సంగతి ఒక్కటే మరిచిపోయారు.

పుస్తకం ఒకటి, మేము ఏడుగురం. ఎవరు ముందు చదివినా మిగతా ఆరుగురికీ తలవంపులే. అప్పుడు మా అధ్యక్షులు జుమకదిర్ గారు తెల్ల టోపీ సర్దుకుని లేచారు.

"మనం కిర్గిజులం! గొర్రెను కోస్తే ఏ ఎముక ఎవరిదో వయసూ హోదా చూసి పంచుతాం. పొట్టలోకి పోయే మాంసానికే అంత మర్యాద ఉంటే, బుర్రలోకి పోయే పుస్తకానికి ఉండొద్దా? తెండి కత్తి!"

బల్ల మీద విందుబట్ట పరిచి, దీవెన చదివి, తథాస్తు అనే అర్థంలో "ఓమీన్" అని, పుస్తకాన్ని వెన్ను వెంట కోశాం. తలకాయ లాంటి అధికారాల అధ్యాయం అధ్యక్షుల వారికి. అన్నిటికంటే లావైన భద్రత అధ్యాయం, తుంటి ఎముక వరసలో, డెబ్బై ఏళ్ల సోపుబెక్ పెద్దాయనకు. పెద్ద గుమాస్తానైన నాకు తొడ ఎముకకు దీటుగా ముద్రణ అధ్యాయం. మిగతా ముగ్గురికీ పక్కటెముకలు. చిట్టచివర బెగాయిమ్. నిరుడే మా ఊరికి కోడలుగా వచ్చిన పిల్ల, బిష్కెక్‌లో ఇదే చదువు చదివిందట. చిన్నవాళ్లకు చెవి ముక్క ఇవ్వడం ఆచారం కనుక ఆమెకు మొదటి ఆరు పేజీలు ఇచ్చాం. అందులో యంత్రాన్ని ఎలా వెలిగించాలో ఉంది.

పెద్దాయన ముట్టనిదే చిన్నవాళ్లు ముట్టరాదు. సోపుబెక్ పెద్దాయన తన వాటాను చంకలో పెట్టుకుని మనవరాలి పెళ్లికని తలాస్ వెళ్లారు. మేమంతా ఎదురుగా అధ్యాయాలు పెట్టుకుని, టీ తాగుతూ, పద్ధతిగా ఎదురుచూశాం.

ఈ శుభకార్యానికి అడ్డం వచ్చింది బుర్మకాన్ అక్క. మొగుడు పోయాక నలభై గొర్రెలతో బతుకుతున్న మనిషి.

"ఓస్మోనాలీ, గడ్డివాము అడుగు ఊడ్చేశాను తమ్ముడూ. కాగితం లేదని కొండ దారిలో గేటు తియ్యట్లేదు. రెండు ముక్కలు గీకి ఇవ్వు."

"చేతిరాత చెల్లదక్కా," అన్నాను. " చదువు నడుస్తోంది."

"అది ఒక్క నిమిషం పనే మామయ్యా!" అంది బెగాయిమ్, కుర్చీలోంచి లేచి.

"కూర్చో అమ్మాయ్!" అన్నాను. "పెద్దాయన ఇంకా పేజీ తిప్పలేదు, నీకు అప్పుడే ఆకలా?"

పది రోజులకు అక్క మళ్లీ వచ్చింది. తొమ్మిది గొర్రెలు పోయాయట. అధ్యక్షుల వారు సానుభూతి ప్రకటించి ఉత్తర్వు చదివి వినిపించారు. ఆమె మా బల్లల మీది అధ్యాయాలను తేరిపార చూసింది.

"ఎటూ చదవట్లేదుగా. ఆ కాగితాలన్నా ఇటు పడెయ్యండి, నా గొర్రెలు నములుకుంటాయి."

చదువు పట్ల ఇంత చులకన మంచిది కాదని ఆమె పోయాక చర్చించుకున్నాం.

ఆ మధ్యాహ్నమే ఘోరం జరిగింది. మేము భోజనానికి వెళ్లి వచ్చేసరికి గుడ్డ మడతపెట్టి ఉంది, యంత్రం వెలుగుతోంది. బెగాయిమ్ చేతిలో అనుమతి కాగితం. పేరు, గొర్రెల లెక్క, ముద్ర అన్నీ సరిగ్గా ఉన్నాయి. అదే నాకు మండింది. ముద్రణ నా వాటా. ఒక కోడలుపిల్ల నా పళ్లెంలో చెయ్యి పెట్టి, తొడ ఎముక పట్టుకుపోతే ఊరుకుంటానా? ఆమె చేతిలోంచి లాక్కుని నాలుగు ముక్కలు చేశాను. మర్యాద నిలబెట్టినందుకు సహోద్యోగులు నా భుజం తట్టారు. బెగాయిమ్ ఏడవలేదు. తన ఆరు పేజీలు నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది, మళ్లీ రాలేదు.

జూన్‌లో పెద్దాయన తిరిగి వచ్చారు. కళ్లద్దాలు తలాస్‌లో మరిచిపోయినా, మొదటి పేజీ మీద అరచెయ్యి ఆనించి, "అర్థమైంది" అన్నారు. వెంటనే మాకూ అర్థమైంది. నివేదిక పంపాం, ప్రశంసాపత్రం వచ్చింది, తనిఖీ అధికారి వచ్చారు, విందు ఏర్పాటైంది. గొర్రె బుర్మకాన్ అక్క దగ్గర్నుంచే వచ్చింది. మేపలేనిదాన్ని ఉంచుకుని ఏం చేస్తుంది?

వరస తప్పకుండా పంచాం. నా వాటా తొడ ఎముక నాకు వచ్చింది. ఎముకే వచ్చింది, మాంసం లేదు.

"ఏమక్కా, గొర్రె ఇంత బక్కగా ఉందేం?" అన్నారు అధ్యక్షుల వారు.

విందు చివర దీవెన ఇమ్మని ఆమెనే అడిగాం, ఆడవాళ్లలో పెద్ద కదా. బుర్మకాన్ అక్క రెండు చేతులూ చాచింది.

"నా గొర్రెలకు మీ కాగితం ఎట్లా అందిందో, మీకూ మీ పిల్లలకూ రేపు వైద్యం, చదువు, న్యాయం అన్నీ అట్లాగే అందాలి. మీరు ఏ గుమ్మం తొక్కినా అక్కడ మీలాంటి వాళ్లే కూర్చుని ఉండాలి."

అలవాటు ప్రకారం అందరం అరచేతులతో మొహాలు తుడుచుకుని, ఒక్క గొంతుతో "ఓమీన్" అన్నాం.