సారిబెల్ మీద కనబడని దండు

సారిబెల్ పట్టణంలో గడ్డాలు నెరిసినవాళ్ల నుంచి పళ్లు రానివాళ్ల దాకా అందరూ నమ్మే సంగతి ఒకటుంది. కిందటి ఆగస్టులో ఒక మంగళవారం ఉదయాన, ఒక మహారాజ్యం తన కనబడని సైన్యాన్ని పంపి, పట్టణ కార్యాలయపు వెబ్‌సైటును నేలమట్టం చేసింది. ఏ రాజ్యమని అడిగితే ఎవరూ పేరెత్తరు. కొందరు గడ్డాన్ని ఉత్తరానికి ఎత్తి చూపుతారు, కొందరు తూర్పుకు. వాదన ముదిరితే ఇరువర్గాలూ ఆకాశానికి ఎత్తుతాయి.

పద్నాలుగు వేల మంది జనం, ఒక రైల్వే స్టేషను, రెండు రొట్టెల బట్టీలు ఉన్న ఊరితో మహారాజ్యానికి పనేమిటని అడిగినవాడు లేడు. దాడి జరిగిందన్న భయం కన్నా, అది మన మీద జరిగిందన్న గౌరవం పెద్దది.

ఈ యుద్ధానికి మన పక్షాన సేనాపతి కబ్దొల్లా. ఆయన టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై ఒక్క ఏళ్లు మెకానిక్‌గా పనిచేసి విరమించాడు. ఎక్స్ఛేంజి పారేసినదాన్ని ఆపిల్ వీధిలోని తన పద్నాలుగో నంబరు ఇంటికి తెచ్చుకోవడం ఆయన అలవాటు. ఇంటికి తెచ్చినదాన్ని పారేయాలని చూడటం ఆయన భార్య జెయ్‌నెష్ అలవాటు. నలభై ఏళ్ల కాపురం ఈ రెండు బలాల సమతూకం మీద నిలిచింది.

ఇద్దరికీ ప్రాణమైనది మనవరాలు ఐజెరె. మూడేళ్ల పిల్ల. దానికి పట్టణ శిశువిహారంలో చోటు దొరికితేనే కోడలు బయాన్ వచ్చే సోమవారం నుంచి జిల్లా ఆసుపత్రి ప్రయోగశాలలో ఉద్యోగానికి చేరగలదు. చోటు దొరికినవాళ్ల జాబితాను మంగళవారం పది గంటలకు వెబ్‌సైటులో పెడతారు. పేరున్నవాళ్లు సాయంత్రం ఐదు లోపు సమ్మతి తెలపాలి. తెలపకపోతే చోటు వరుసలో తరువాతి పిల్లకు పోతుంది. కొడుకు రైలింజనుతో స్తెప్పె మైదానంలో ఎక్కడో ఉన్నాడు. బయాన్ శిక్షణ కోసం నగరానికి వెళుతూ, "మామయ్యా, మిమ్మల్నే నమ్ముకుని వెళ్తున్నా" అంది.

ఆ మాటకు ఆయన గుండె ఉప్పొంగిన సంగతి నిజం. ఆయన బుర్ర మాత్రం జీను మీద ఉంది.

బయాన్ తండ్రి, అంటే కబ్దొల్లా వియ్యంకుడు, తొక్సన్‌బాయ్ అనే గుర్రాల ఆసామి. ఆయన పుట్టేనాటికి తాతకు తొంభై ఏళ్లు కనుక ఆ అంకెనే పేరుగా పెట్టారు. పిల్లకు చోటు దొరికిన వార్త ఎవరు ముందుగా తెచ్చి "సుయిన్షి!" అని కేకవేస్తే వాళ్లకు వెండి పువ్వుల జీను కానుక ఇస్తానని ఆయన నలుగురిలో మాటిచ్చాడు. సుయిన్షి ధర్మం అందరికీ తెలిసిందే. శుభవార్త మొదట తెచ్చినవాడికి కానుక, రెండోవాడికి టీ. గత పదేళ్లుగా ఈ దంపతుల ఇంట్లో కానుకలన్నీ జెయ్‌నెష్‌వి, టీలన్నీ కబ్దొల్లావి.

"గుర్రం లేనివాడికి జీనెందుకయ్యా, ముసలాయనా?" అని అడిగింది జెయ్‌నెష్.

"జీనుంటే గుర్రం అదే వస్తుందే, ముసల్దానా."

"ఇట్లాగే అని ఇరవై ఏళ్ల కింద టైరు పట్టుకొచ్చావు. కారింకా దారిలోనే ఉంది."

కబ్దొల్లా పనిలో దిగాడు. ఎక్స్ఛేంజి పారేసిన ఆరు కంప్యూటర్లను వెనకగదిలో వరసగా నిలబెట్టి, తానే రాసిన చిన్న ప్రోగ్రామును వాటిలోకి ఎక్కించాడు. ఒక్కొక్కటీ ఆ వెబ్‌సైటును సెకనుకు ఇరవైసార్లు తెరవబోతుంది. జాబితా కనబడగానే గంట మోగుతుంది.

"నువ్వు పొయ్యి దగ్గరుంటే పిల్ల వచ్చి 'అయిందా, అయిందా' అని అడుగుతుంది చూడు, అచ్చం అంతే" అని వివరించాడు.

"అది రెండుసార్లడిగితేనే నా చెయ్యి వణికి ఉప్పెక్కువ పడుద్ది. ఆ వెబ్‌సైటేమైపోవాలయ్యా, పాపం?"

పొరుగింటి సగింటాయ్ వచ్చి ఆ ఆరింటినీ చూసి నోరు తెరిచాడు. సైన్యంలో రెండేళ్లు వంట చేసినందుకు ఊరు ఆయనను జనరల్ అంటుంది. "కబెకే! నువ్వు ఎక్స్ఛేంజిలో ఉండాల్సినోడివి కాదు, రాజధానిలో ఉండాల్సినోడివి!" అన్నాడు, కబ్దొల్లా పేరును గౌరవంగా కుదించి. ఇంత మాటన్నవాడికి ప్రోగ్రాము కాపీ ఇవ్వకపోవడం మర్యాద కాదు. ఎవరికీ చెప్పనని జనరల్ రొట్టె పట్టుకుని ప్రమాణం చేశాడు. ఆయన దగ్గర తీసుకున్న బామ్మర్దీ రొట్టె పట్టుకునే ప్రమాణం చేశాడు. బామ్మర్ది దగ్గర తీసుకున్న పదకొండు మందీ అంతే. సోమవారం సాయంత్రానికి సారిబెల్‌లో తినడానికి రొట్టె మిగల్లేదు.

మంగళవారం తొమ్మిదిన్నరకు జెయ్‌నెష్ తలకు రుమాలు కట్టి, సంచీ భుజానికి తగిలించి, ఐజెరె చెయ్యి పట్టుకుంది.

"యుద్ధవేళ ఎక్కడికే?"

"పిల్లని అట్లా తిప్పుకొస్తా. నువ్వు నీ గంట చూసుకో."

తొమ్మిదీ యాభై రెండుకు వెబ్‌సైటు ఒకసారి తడబడింది. యాభై ఐదుకు సగం తెరుచుకుంది. పదింటికి ఆరు తెరలూ ఉతికిన దుప్పట్లలా తెల్లబడ్డాయి. గంట మోగలేదు.

పదింబావుకు జనరల్ తలుపు తోసుకుని వచ్చాడు.

"దాడి, కబెకే! దాడి!"

వార్త పుట్టిన తీరు ఇది. కార్యాలయంలో సాంకేతిక వ్యవహారాలు చూసే సల్తనత్ అనే అమ్మాయి, "ఏదో దాడిలా ఉందే" అంది. మొదటి వీధి మలుపులో ఆ 'లా' రాలిపోయింది. రెండో మలుపులో దాడికి ఒక రాజ్యం తోడైంది. రొట్టెల బట్టీ దాటేసరికి ఆ రాజ్యానికి నలభై వేల మంది కంప్యూటరు సైనికులు, నేలకింద ఏడంతస్తుల కోట సమకూరాయి.

అన్నిటికన్నా ఎక్కువ యంత్రాలున్న ఇల్లు కనుక ఊరి పెద్దలు కబ్దొల్లా వెనకగదికే వచ్చారు. వచ్చినవాళ్లు టోపీలు తీసి, ఆరు తెల్లటి తెరల ముందు కొత్త మంచు పడిన మైదానాన్ని చూస్తున్నట్టు నిలబడిపోయారు. శబ్దం లేదు, పొగ లేదు, గుర్రపు డెక్కల ధూళి లేదు. ఎక్కడో వేల మైళ్ల అవతల ఎవడో వేలు కదిపితే ఇక్కడ తమ శిశువిహారపు జాబితా మాయమైంది. ఇంతటి బలం లోకంలో ఉందని తెలుసుకోవడానికి ఇన్నేళ్లు బతకవలసి వచ్చిందా అన్నట్టు ఒక ముసలాయన కళ్లు తుడుచుకున్నాడు.

"నలభై వేల మందే! వాళ్లకి వంటెవరు చేస్తార్రా?" అంది ఒక అవ్వ.

"మూడొందల మందికి వండటమే నరకం" అన్నాడు జనరల్. తన సైనిక జీవితం గురించి ఆయన పలికిన ఏకైక సత్యం అదే.

అవ్వ ఊరుకోలేదు. దిష్టి పోవాలని ఆడిరస్పాన్ కొమ్మలు వెలిగించి ఒక్కొక్క కంప్యూటరు చుట్టూ మూడుసార్లు తిప్పింది. కబ్దొల్లా విజ్ఞానశాస్త్రం చదివినవాడే. దగ్గుతూ, "అవ్వా, మోడెముకి కూడా కాస్త చూపించు" అన్నాడు.

అప్పుడాయన లోపలి సేనాపతి మేల్కొన్నాడు. "వాడు తలుపు బాదుతున్నాడు. మనం మనింటి ముందు నుంచి తప్పుకుంటే ఇల్లు వాడిదవుతుంది. ఎవరూ వెబ్‌సైటు మూయొద్దు! మూసినవాళ్లు తెరవండి! ప్రోగ్రామున్నవాళ్లు వేగం పెంచండి!" అని ఆజ్ఞాపించి, తాను సెకనుకు ఇరవైని రెండు వందలు చేశాడు. ఇంట్లోని మూడు ఫోన్లనూ బరిలోకి దించాడు.

ఊరంతా నిలబడింది. బట్టీవాడు నిలబడ్డాడు, స్టేషను మాస్టరు నిలబడ్డాడు, పెళ్లివారు సైతం పెళ్లికూతురి ముసుగు తీసే వేళ ఆపి ఫోన్లు తీశారు. అయినా శత్రువు తగ్గలేదు. ఇటు వంద మంది చేరితే అటూ వంద మంది చేరినట్టుంది. మధ్యాహ్నం టీకి సగం మంది లేచి వెళితే అటు వైపూ కాస్త సడలింది, తెర మీద కార్యాలయపు పేరు తొంగిచూసింది. వెళ్లినవాళ్లు పరుగున తిరిగి రాగానే మళ్లీ తెల్లబడింది.

"చూశారా! మన బలమెంతో వాడి బలం సరిగ్గా అంతే! మనం టీ తాగితే వాడూ టీ తాగుతున్నాడు! ఏం సైన్యమయ్యా అది!" అన్నాడు జనరల్.

నాలుగు గంటలకు జనం పలచబడ్డారు. కబ్దొల్లా ఒక్కడే మిగిలాడు. గోడ మేకుకు ఎలుగుబంటి బొమ్మ కుట్టిన చిన్న సంచీ వేలాడుతోంది. శిశువిహారానికని బయాన్ రాత్రులు కూర్చుని కుట్టింది. ఆయనకు జీను మాట ఎప్పుడో పోయింది. ఐదు దాటితే చోటు పోతుంది, చోటు పోతే బయాన్ ఉద్యోగం పోతుంది. మహారాజ్యం ఓడించిందని కోడలికి చెప్పవచ్చు. "మిమ్మల్నే నమ్ముకుని" అన్న మాటకు మాత్రం మహారాజ్యం జవాబు చెప్పదు. ఐదుకు పది నిమిషాలుండగా బయాన్‌కు చెప్పేద్దామని ఫోను అందుకున్నాడు. అదింకా యుద్ధంలోనే ఉంది.

బయట కారు హారను మోగింది. తొక్సన్‌బాయ్ కారు. అందులోంచి రెండు చేతుల్లో నూనెలో వేయించిన రెండు బవుర్సాక్ రొట్టెలతో ఐజెరె దిగింది. దాని వెనక జెయ్‌నెష్ దిగింది. ఆవిడ భుజం మీద వెండి పువ్వుల జీను ఉంది.

"సుయిన్షి, ముసలాయనా! పిల్లకి చోటొచ్చింది!"

కబ్దొల్లా ఆరు తెరల వైపు చూశాడు, ఆవిడ వైపు చూశాడు. "ఎట్లా? వెబ్‌సైటు పడిపోయిందిగా!"

"వెబ్‌సైటు పడింది గానీ గోడ పడలేదుగా. ఎప్పుడూ కార్యాలయం తలుపు పక్కన కాయితం అంటించడం వాళ్ల నియమం. నేను, పిల్ల, కాపలా తాత, ముగ్గురమే ఉన్నాం. పదింటికి అంటించారు. పదీ ఐదుకి కిటికీ దగ్గర సంతకం పెట్టా. పదీ పదికి వాళ్ల ఫోనులోనే అన్నయ్యగారికి సుయిన్షి చెప్పా. తర్వాత అన్నయ్యగారింట్లో మాంసపు బెష్‌బర్మాక్ తిన్నాం."

"చెల్లెమ్మ మూడు పళ్లాలు తింది, బావగారూ" అన్నాడు తొక్సన్‌బాయ్ కారు దిగకుండానే. "మీరింకా యుద్ధంలో ఉన్నారంటగా!"

"నాకో ఫోను చెయ్యొచ్చుగదే!"

"పదకొండుసార్లు చేశా. మీ లైను ముట్టడిలో ఉందయ్యా." ఆవిడ గొంతు తగ్గించింది. "ఊళ్లో ఎక్కువ కంప్యూటర్లు ఎవరింట్లో ఉన్నాయని సల్తనత్ అడిగింది. నాకు తెలీదన్నా. ఎంతయినా కట్టుకున్నదాన్ని."

కబ్దొల్లా ముఖం రంగు మారింది. ఏదో లెక్క ఆయన బుర్రలో ఆలస్యంగా పూర్తయినట్టుంది. "ఏం కావాలి సుయిన్షి?" అన్నాడు, నేల చూస్తూ.

"ఆ ఆరింటి కరెంటు తీగలు."

ధర్మం ధర్మమే. ఆయన వంగి ఒక్కొక్కటీ పీకి ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ జీనును ఆయన కుర్చీ మీద పరిచి, "కూర్చో. గుర్రమే వస్తుందన్నావుగా" అంది.

ఐదుకు మూడు నిమిషాలుండగా సారిబెల్ వెబ్‌సైటు నిక్షేపంగా తెరుచుకుంది. శత్రువు పారిపోయాడని బట్టీవాడు ఆ సాయంత్రం వీధిలో మిఠాయిలు చల్లాడు.

మరునాడు కార్యాలయం తలుపు పక్కన, శిశువిహారపు జాబితా కిందనే, సల్తనత్ ఇంకో కాగితం అంటించింది. ఊరంతా దాన్ని చదివింది. చదివి, ఆహా, ఎంతటి మాయావి, ఆనవాళ్లు సైతం మన వీధివే వదిలిపోయాడు అని మళ్లీ టోపీలు తీసింది. కబ్దొల్లా మాత్రం జీను మీద నుంచి లేచి వెళ్లి, దాన్ని రెండుసార్లు చదివి, టోపీ తీయకుండానే ఇంటికి వచ్చాడు. కాగితంలో ఉన్నది ఇంతే:

"మంగళవారం నాడు ఈ వెబ్‌సైటును తెరవబోయిన సార్లు: ఎనిమిది కోట్ల ఇరవై లక్షలు. విదేశాల నుంచి: ఒక్కటీ లేదు. సారిబెల్ నుంచి: మొత్తం. అందులో నాలుగు కోట్ల ఇరవై లక్షలు ఆపిల్ వీధి పద్నాలుగో నంబరు ఇంటి నుంచి."